నాలుగు ఆటలు చూసి పిచర్‌ను వదిలేయవచ్చా? (ఫాంటసీ బేస్‌బాల్)

ఎడమచేతి_వాటం:

ముందే చెబుతున్నాను, ఈ ప్రశ్న వెనుక ఒక పాత దెబ్బ ఉంది.

మాది డాలస్ దగ్గర ఆఫీసు ఫాంటసీ లీగ్. అంటే నిజం ఆటగాళ్లను కాగితం మీద మన జట్టులో చేర్చుకుంటాం, అసలు ఆటల్లో వాళ్ల అంకెలే మన స్కోరు. పన్నెండు జట్లు, వారానికి ఇద్దరిద్దరు తలపడే పద్ధతి. పిచింగ్‌లో, అంటే బంతి వేయడంలో, లెక్కకు వచ్చేవి ఐదు: గెలుపులు, సేవ్‌లు (చివర్లో వచ్చి ఆధిక్యాన్ని కాపాడటం), స్ట్రైక్అవుట్‌లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ను అవుట్ చేయడం), ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు, అంటే ఒక పూర్తి ఆటకు, పిచర్ ఖాతాలో పడే పరుగులు), విప్ (ఇన్నింగ్స్‌కు సగటున ఎందరిని బేస్ ఎక్కనిచ్చాడో). పన్నెండు మందిలో తెలుగువాళ్లం ఇద్దరం. ఆ రెండో ఆయన ఇక్కడ కూడా చదువుతాడు. అందుకే ఈసారి ఎవరి గురించి అడుగుతున్నానో పేరూ చెప్పను, అంకెలూ ఇవ్వను. ఇస్తే సాయంత్రంలోగా వల వేసుకుని కూర్చుంటాడు.

ఆ దెబ్బ 2024 నాటిది. బ్లేక్ స్నెల్. అంతకు ముందు ఏడాది శాన్ డియేగోకు ఆడి, మేటి పిచర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు గెలుచుకున్న మనిషి. బేరం కుదరక మార్చి మూడో వారం దాకా జట్టు లేకుండా ఉండి, చివరికి శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్‌లో చేరాడు. పెద్ద పేరు తక్కువకు దొరికిందని సంబరపడి నేను తీసుకున్నాను. మొదటి ఆరు ఆటల్లో 23.2 ఇన్నింగ్స్, 25 పరుగులు. సైట్లన్నీ ఈఆర్‌ఏ 9.51 అని చూపించాయి. నా ఎక్సెల్ పట్టీలో మాత్రం 9.70 వచ్చింది, అది ఇప్పటికీ ఎందుకో తెలియదు. మధ్యలో ఒకసారి గాయం, జూన్ మొదట్లో మరోసారి గాయం. పడమటి తీరంలో ఆట అంటే మాకు రాత్రి తొమ్మిదికి కాస్త ముందు మొదలవుతుంది. మా నాన్నగారు అప్పుడు విజయవాడ నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉన్నారు. ఆయనకు ఈ ఆట ఒక్క ముక్క అర్థం కాదు. పెరుగన్నం దగ్గర నా ముఖం చూసి, "ఇవాళ కూడా మీవాడేనా?" అని అడిగేవారు.

జూన్ మొదటి వారంలో వదిలేశాను. జూలై 9న తిరిగి వచ్చాడు. అక్కడి నుంచి సీజన్ చివరి దాకా 14 ఆటలు, ఈఆర్‌ఏ 1.23. ఆగస్టు 2, శుక్రవారం రాత్రి, సిన్సినాటిలో ఒక్క హిట్ కూడా (బంతిని కొట్టి బేస్ చేరడం) ఇవ్వకుండా ఆట మొత్తం తానే వేశాడు. 11 స్ట్రైక్అవుట్‌లు. పైగా తన కెరీర్‌లో తొమ్మిది ఇన్నింగ్స్ పూర్తి చేయడం అదే మొదటిసారి. ఆ వారం నా ఎదుటి జట్టు ఎవరిదో, అందులో స్నెల్ ఎలా ఉన్నాడో ఊహించుకోండి.

ఇప్పుడు మళ్లీ అదే పరిస్థితి. నా జట్టులో పేరున్న పిచర్ ఒకడు నాలుగు ఆటలుగా చావుదెబ్బలు తింటున్నాడు. ఎవరూ తీసుకోని వాళ్ల జాబితాలో పెద్దగా పేరు లేనివాడు ఒకడు నాలుగు ఆటలుగా మెరుస్తున్నాడు. సోమవారం మధ్యాహ్నం లోపు తేల్చాలి. నాలుగు ఆటల అంకెల్లో దేన్ని నమ్మాలి, దేన్ని పక్కన పెట్టాలి? "ఓపిక పట్టండి" అని మాత్రం ఎవరూ చెప్పకండి. ఓపిక పడితే 2023లో నా జట్టు పదకొండో స్థానంలో నిలిచింది.

——

బైస్_లెగ్‌బైస్:

ముందు మీ ఎక్సెల్ సంగతి. 23.2 అంటే దశాంశం కాదండీ, 23 ఇన్నింగ్స్, 2 అవుట్‌లు. ఇన్నింగ్స్‌కు మూడు అవుట్‌లు కాబట్టి అది 23.67. ఇరవై ఐదును తొమ్మిదితో గుణించి 23.67తో భాగిస్తే 9.51 వస్తుంది, మీరు 23.2తో భాగించారు కాబట్టి 9.70 వచ్చింది. 23.2 ఓవర్లు అంటే 23 ఓవర్ల 2 బంతులని చిన్నప్పుడే తెలిసిన తెలుగువాడు ఇక్కడికి వచ్చి ఈ పొరపాటు చేయడం నాకు బాధగా ఉంది.

ఇక అసలు విషయం. నాలుగు ఆటల ఈఆర్‌ఏ చూసి ఎవరినీ తీసుకోకండి, ఎవరినీ వదలకండి. అంకెలన్నిటిలో అతి నెమ్మదిగా నిజం చెప్పేది అదే.

క్రికెట్‌లో బైస్ బౌలర్ ఖాతాలో వేయరు కదా. కీపర్ వదిలేస్తే అది కీపర్ తలనొప్పి. బేస్‌బాల్‌లో కూడా ఫీల్డర్ చేతిలో పడ్డ బంతిని జారవిడిస్తే అది తప్పిదంగా రాసి, ఆ పరుగును పిచర్ ఈఆర్‌ఏలో కలపరు. కానీ ఫీల్డర్ బద్ధకంగా కదిలి బంతి దాకా చేరకపోతే? అది హిట్. పరుగు పిచర్ నెత్తిన. చేరుకోలేనివాడు తప్పు చేయనట్టు, చేరుకుని జారవిడిచినవాడు తప్పు చేసినట్టు. ఈ లెక్క రాసే పద్ధతి చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

2001లో వోరోస్ మెక్రాకెన్ అనే ఆయన ఈ సంగతినే పట్టుకుని, బ్యాట్‌కు తగిలి మైదానంలో పడిన బంతి హిట్ అవుతుందా అవుట్ అవుతుందా అన్నది పిచర్ చేతిలో మనం అనుకున్నంత లేదని చూపించాడు. అలా పడిన బంతుల్లో హిట్‌లు అయ్యేవి ఏ ఏడాది చూసినా నూటికి 29, 30 దగ్గర తిరుగుతుంటాయి. దాన్నే బాబిప్ అంటారు. నాలుగు ఆటల్లో మీ వాడికి అది నూటికి 40 ఉంటే, ఎక్కువ భాగం దురదృష్టమే. ఆ కొత్తవాడికి 18 ఉంటే అతని ఇంటి దేవుడు మంచివాడు, అంతే.

పిచర్ చేతిలో నిజంగా ఉండేవి మూడు. స్ట్రైక్అవుట్, వాక్ (నాలుగు చెడ్డ బంతులకు బ్యాటర్ ఉచితంగా బేస్ ఎక్కడం), హోమ్ రన్ (కంచె దాటించిన దెబ్బ). వీటితోనే టామ్ టాంగో అనే గణాంకాల మనిషి ఫిప్ అనే లెక్క కట్టాడు. హోమ్ రన్‌లను 13తో, వాక్‌లనూ ఒంటికి తగిలిన బంతులనూ 3తో గుణించి కలపాలి. స్ట్రైక్అవుట్‌లను 2తో గుణించి అందులోంచి తీసేయాలి. వచ్చినదాన్ని ఇన్నింగ్స్‌తో భాగించి, 3.10కి అటూఇటూగా ఉండే ఒక స్థిరాంకం కలపాలి. ఫిప్ సగటు ఆ ఏడాది లీగ్ ఈఆర్‌ఏతో సమానంగా వచ్చేలా దాన్ని సరిచేస్తుంటారు. ఎక్సెల్‌లో ఒక గడి చాలు. ఇన్నింగ్స్ మాత్రం సరిగ్గా వేయండి.

మీ స్నెల్‌నే తీసుకోండి. 2023లో సై యంగ్ వచ్చినప్పుడు అతని ఈఆర్‌ఏ 2.25, ఫిప్ 3.44. 180 ఇన్నింగ్స్‌లో 99 వాక్‌లు, ఆ ఏడాది అమెరికా పెద్ద బేస్‌బాల్ లీగులు రెండింటిలోనూ అంతకన్నా ఎక్కువ ఇచ్చినవాడు లేడు. బేస్‌ల మీదకు మనుషులను తానే ఎక్కించి, తానే అక్కడ వదిలేశాడు. ఇది ఏటా జరిగే పని కాదు. మీరు డ్రాఫ్ట్‌లో (సీజన్ ముందు ఆటగాళ్లను పంచుకునేటప్పుడు) 2.25ను కొన్నారు, దుకాణంలో ఉన్న సరుకు 3.44. అదే ఏడాది అట్లాంటాలో స్పెన్సర్ స్ట్రైడర్‌ది సరిగ్గా తిరగేసిన కథ. ఈఆర్‌ఏ 3.86, ఫిప్ 2.85, స్ట్రైక్అవుట్‌లు 281.

నాలుగు ఆటలంటే సుమారు 95, 100 మంది బ్యాటర్లు. రస్సెల్ కార్ల్‌టన్ అనే బేస్‌బాల్ గణాంకాల విశ్లేషకుడి లెక్క ప్రకారం స్ట్రైక్అవుట్ శాతం 70 మంది బ్యాటర్ల దగ్గర నిలబడుతుంది. వాక్ శాతానికి 170 మంది దాకా కావాలి. బాబిప్ నిలబడాలంటే మైదానంలో పడిన బంతులే 2000 కావాలి, అంటే ఒక స్టార్టర్‌కు (ఆట మొదలుపెట్టే పిచర్‌కు) నాలుగేళ్ల పని. నిలబడటం అంటే నిజం తేలిపోయిందని కాదు, సగం సత్తా, సగం అదృష్టం అనే చోటికి వచ్చిందని. కాబట్టి నాలుగు ఆటల తర్వాత మీరు అడగదగ్గ మొదటి ప్రశ్న ఒకటే: స్ట్రైక్అవుట్ శాతం పడిపోయిందా, లేదా? వాక్‌ల గురించి గట్టిగా మాట్లాడాలంటే ఏడు ఆటలు ఆగాలి. ఈఆర్‌ఏ గురించి అక్టోబర్‌లో మాట్లాడుకుందాం.

మెరుస్తున్న కొత్తవాడి గురించి కూడా ఒక మాట. 2024లో ఫిలడెల్ఫియా జట్టు పిచర్ రేంజర్ సువారెజ్ మొదటి పది ఆటల తర్వాత 9-0 (తొమ్మిది గెలుపులు, ఓటమి లేదు), ఈఆర్‌ఏ 1.36. మా లీగ్‌లో ఒకాయన అతని కోసం ఇద్దరు మంచి బ్యాటర్లను ఇచ్చేశాడు. జూలైలో నడుము నొప్పి వచ్చింది, ఏడాది చివరికి లెక్క 12-8, 3.46. చెడ్డ ఏడాది కాదు. కానీ ఇద్దరు బ్యాటర్ల ధర కాదు.

——

పడమటి_తీరం:

బైస్ గారి లెక్కలన్నీ ఒప్పుకుంటాను. కానీ ఆయన ఆట చూడరేమో అని నా అనుమానం. నేను బే ఏరియాలో ఉంటాను, 2024లో స్నెల్ వేసిన ఆటలు రెండు మైదానంలోనే చూశాను. ఎడమచేతి_వాటం గారూ, మీరు వదిలేసినప్పుడు మీ ముందున్న ముఖ్యమైన సంగతి 9.51 కాదు. అతనికి స్ప్రింగ్ ట్రైనింగ్ లేదు. మిగతా పిచర్లు ఫిబ్రవరి మధ్య నుంచి ఆరు వారాలు బంతి వేసి చేయి సిద్ధం చేసుకుంటే, ఇతను ఏప్రిల్ 8న నేరుగా మౌండ్ (పిచర్ నిలబడి బంతి వేసే దిబ్బ) ఎక్కాడు. ఆ తర్వాత తొడ కండరాల గాయాలు రెండు. ఆ ఆరు ఆటలు ఒక పిచర్ సీజన్ కాదు, ఒక మనిషి తయారవుతున్న రోజులు. నిజమైన సీజన్ జూలైలో మొదలైంది.

అందుకే నేను మొదట చూసేది కారణం. అంకె ఆ తర్వాత.

ఫాస్ట్‌బాల్ వేగం చూడండి. 2015 నుంచి స్టాట్‌కాస్ట్ (మైదానాల్లో బంతి కదలికను కొలిచే యంత్రాంగం) వల్ల ప్రతి బంతి వేగం, తిరిగే చుట్లు మనకు ఉచితంగా దొరుకుతున్నాయి. ఈ ఒక్క అంకెకే వంద మంది బ్యాటర్లు అక్కరలేదు. నిరుటి కన్నా గంటకు మైలు, మైలున్నర తగ్గి, అది రెండు మూడు ఆటలుగా అలాగే ఉంటే నాకు భయం వేస్తుంది. వేగం అలాగే ఉండి పరుగులు పోతుంటే భయం వేయదు. ఐదో ఇన్నింగ్స్‌లో వేగం ఎలా ఉందో విడిగా చూడండి. మొదటి ఇన్నింగ్స్‌లో అందరూ వీరులే.

తర్వాత ఎవరి మీద, ఎక్కడ వేశాడన్నది. 2024లో షికాగో వైట్ సాక్స్ 121 ఆటలు ఓడింది. ఆ ఏడాది వాళ్ల మీద ఏడు ఇన్నింగ్స్ సున్నా పరుగులు వేసినవాడిని నేను ఎగబడి తీసుకోలేదు. అలాగే డెన్వర్. ఆ మైదానం సముద్ర మట్టానికి 5,200 అడుగుల ఎత్తులో ఉంది. పలుచని గాలిలో కొట్టిన బంతి ఇంకాస్త దూరం పోతుంది, వంపు తిరగాల్సిన బంతి తిరగదు. 2002 నుంచి బంతులను తేమ ఉండే గదిలో దాస్తున్నారు, కొంత మేలు. అయినా అక్కడ ఎవరు బాదించుకున్నా నేను ఆ ఆటను లెక్క నుంచి తీసేసి మిగతావి చూస్తాను.

ఇంకొకటి, నాలుగు ఆటలను కలిపి చూడకండి, విడదీయండి. మూడు ఆటల్లో ఆరేసి ఇన్నింగ్స్, ఒక్క పరుగూ లేదు. నాలుగో ఆటలో మూడు ఇన్నింగ్స్, ఎనిమిది పరుగులు. మొత్తం ఈఆర్‌ఏ 3.43. ప్రతి ఆటలోనూ ఆరు ఇన్నింగ్స్‌కు రెండు, మూడు పరుగులు ఇచ్చే వాడికి కూడా దాదాపు అంతే వస్తుంది. ఇద్దరూ ఒకటేనా? వారం వారం తలపడే లీగ్‌లో మొదటివాడు మూడు వారాలు గెలిపించి ఒక వారం ముంచుతాడు. నాకైతే వాడే కావాలి.

——

రెండో_ఇన్నింగ్స్:

అందరూ అదృష్టం, దురదృష్టం అని కొట్టిపారేస్తున్నారు. అదృష్టంతో వచ్చిన సున్నా కూడా పట్టికలో సున్నాగానే పడుతుంది కదండీ.

2024 ఏప్రిల్ 1న హ్యూస్టన్ తరఫున రోనెల్ బ్లాంకో టొరంటోకు ఒక్క హిట్ ఇవ్వలేదు. అప్పటికి అతను ఎవరో సగం లీగ్‌కు తెలియదు. నేను ఆ రాత్రే తీసుకున్నాను. నెల తిరిగేలోపు బైస్ గారి లాంటివారు నలుగురు వచ్చి, బాబిప్ చూడు, ఫిప్ చూడు, పడిపోతాడు, ఇప్పుడే అమ్మేయి అన్నారు. నేను అమ్మలేదు. ఏడాది చివరికి 13 గెలుపులు, ఈఆర్‌ఏ 2.80. ఫిప్ మాత్రం 4 పైనే ఉంది. వాళ్లు చెప్పినది తప్పు కాదు. కానీ పడాల్సినది పడేలోపు సీజన్ అయిపోయింది. నా ట్రోఫీ మీద ఫిప్ చెక్కి లేదు.

నా మాట ఏమిటంటే, తీసుకునేటప్పుడు ఒక లెక్క, వదిలేటప్పుడు ఇంకో లెక్క ఉండాలి. ఉచితంగా దొరికినవాడికి నాలుగు ఆటలు చాలు. తప్పు తేలితే వదిలేస్తే పోతుంది, ఖర్చు లేదు. డ్రాఫ్ట్‌లో ధర పెట్టి తెచ్చుకున్నవాడిని వదలడానికి మాత్రం నాలుగు చాలవు, ఎందుకంటే వదిలిన నిమిషంలో ఎదుటివాడి చేతిలో పడతాడు. అసలు ప్రశ్న "వాడా, వీడా" అని కాదు. మీ జట్టులో చిట్టచివరి మనిషి ఎవరు? ఆ నాలుగో రిలీవర్‌నో (ఆట మధ్యలో వచ్చే పిచర్), వారానికి రెండు ఆటలు ఆడే ఆ అదనపు బ్యాటర్‌నో వదిలి కొత్తవాడిని తీసుకోండి.

గెలుపుల లెక్క ఉన్న లీగ్ కాబట్టి ఒక హెచ్చరిక. నాలుగు ఆటల్లో ఎన్ని గెలిచాడన్నది అసలు చూడవద్దు. జేకబ్ డీగ్రామ్ 2018లో 1.70 ఈఆర్‌ఏతో 10-9. పాల్ స్కీన్స్ 2025లో 1.97తో 10-10. ఇద్దరికీ సై యంగ్ వచ్చింది, పరుగులు కొట్టే జట్టు మాత్రం రాలేదు.

——

బైస్_లెగ్‌బైస్:

బ్లాంకో పేరు ఎత్తుతారని తెలుసు. లాటరీ తగిలినవాడు టికెట్ కొనే పద్ధతి నేర్పిస్తానంటే వినాలా? కానీ చివరి మనిషిని వదలమన్నది మంచి సలహా. అది నేనే రాయాల్సింది.

పడమటి_తీరం గారూ, ఆట చూస్తానండీ. టీవీ శబ్దం తీసేసి చూస్తాను.

——

ఎడమచేతి_వాటం:

రాత్రి పిల్లలు పడుకున్నాక కూర్చుని చూశాను. సిగ్గుగా ఉంది కానీ చెబుతాను. నా వాడి నాలుగు ఆటల్లో ఒకటి డెన్వర్‌లోనే జరిగింది. ఈఆర్‌ఏ అంకె చూసి తిట్టుకున్నానే తప్ప ఎక్కడ వేశాడో చూడలేదు. ఫాస్ట్‌బాల్ వేగం నిరుటిలాగే ఉంది, చివరి ఇన్నింగ్స్‌లో కూడా. స్ట్రైక్అవుట్‌లు కొద్దిగా తగ్గాయి, పడిపోలేదు. స్లైడర్ (పక్కకు వంగే బంతి) వేయడం మాత్రం బాగా తగ్గించాడు, ఆ స్థానంలో ఇంకేదో బంతి నేర్చుకుంటున్నట్టుంది. అది మంచిదో చెడ్డదో నాకు తెలియడం లేదు.

కొత్తవాడు నాలుగింటిలో రెండు ఆటలు ఒకే జట్టు మీద వేశాడు. ఆ జట్టు ఏదో చెబితే మీరందరూ నవ్వుతారు.

ఎక్సెల్ సరిచేశాను. ఇన్నాళ్లుగా నా జట్టు ఈఆర్‌ఏ అంతా కాస్త ఎక్కువే చూపిస్తూ వచ్చింది. అంటే నేను అనుకున్నంత చెడ్డగా నడపలేదన్నమాట, అదొక ఊరట.

ప్రస్తుతానికి ఇద్దరినీ ఉంచుకుంటున్నాను. నాలుగో రిలీవర్ వెళ్లిపోతాడు. పడమటి_తీరం గారూ, కొత్త బంతి నేర్చుకుంటున్న పిచర్‌కు ఎన్ని ఆటలు గడువు ఇస్తారు?

——

పడమటి_తీరం:

ఆ బంతికి బ్యాటర్లు ఎన్నిసార్లు గాలిలో ఊపుతున్నారో చూడండి. ఊపి తప్పిపోతుంటే నెల రోజులు ఆగుతాను. ఊపకుండా వదిలేస్తుంటే, వాక్‌లు కూడా దానితో పాటే పెరుగుతుంటే రెండు ఆటలు.

——

వరుసలో_నాలుగో:

రెండో తెలుగాయనను నేనే. మొదటి టపా పడిన పది నిమిషాలకే చదివాను.

నువ్వు ఇంతమంది పెద్దల దగ్గర ఇంత లోతుగా చర్చిస్తుంటే ఒక సంగతి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. 2024లో నేను స్నెల్‌ను తీసుకున్నప్పుడు ఫిప్పూ చూడలేదు, బాబిప్పూ చూడలేదు. స్ప్రింగ్ ట్రైనింగ్ ఆలోచన కూడా రాలేదు. మన లీగ్‌లో గాయపడ్డవాళ్ల కోసం జట్టుకు రెండు అదనపు గడులు ఉంటాయి కదా, వాటికి మామూలు జట్టులో చోటు పోదు. నాది ఒకటి ఖాళీగా ఉంది. ఖాళీగా ఉంచడం ఎందుకని పడేశాను. ఐదు వారాలు మర్చిపోయాను కూడా. నీ రెండు గడులూ ఆ రోజు ఖాళీయే, ఇప్పుడే పాత పట్టికలో చూశాను.

స్లైడర్ తగ్గించాడన్నావు, డెన్వర్‌లో వేశాడన్నావు. ఎవరో తెలిసిపోయింది. సోమవారం పన్నెండు దాకా జాబితా తెరిచే ఉంచుతాను. ఆ నాలుగో రిలీవర్‌ను కూడా నేనే తీసుకుంటాను, నాకు సేవ్‌లు తక్కువగా ఉన్నాయి. నాన్నగారిని అడిగానని చెప్పు.